పోస్టు పేరు కాదు, పని పేరు చెప్పండి

(జడ్చర్ల ప్రాంతంలోని ఒక డిగ్రీ కాలేజీలో చివరి ఏడాది విద్యార్థులతో, మందుల పరిశ్రమలో క్వాలిటీ విభాగంలో పనిచేసే ఒక పూర్వ విద్యార్థిని మాట్లాడిన మాటలివి. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగ్ విని టైప్ చేశాం. తడబాట్లు తీసేశాం, అంతే.)

ప్రిన్సిపాల్ సార్‌కు, లెక్చరర్లందరికీ నమస్కారం. తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నమస్తే. వెనక బెంచీలకు వినపడుతోందా? ఫ్యాన్ బాగా చప్పుడు చేస్తోంది. ఆపమందామంటే ఈ ఎండల్లో మీరు నన్ను ఊరికే వదలరు. సరే, నేనే గట్టిగా మాట్లాడతాను.

మొదట ఒక మాట అడుగుతాను, చేతులెత్తండి. డిగ్రీ అయినంక ఏం చేద్దామనుకుంటున్నారు? గ్రూప్స్? అబ్బో, సగం హాలు. పోలీసు? బ్యాంకు? సాఫ్ట్‌వేర్? మా ఫార్మా వైపు ఎవరైనా వస్తారా? కొద్దిమందే. ‘ఏదో ఒకటి’ అనేవాళ్లు? నవ్వకండి, నవ్వకండి. ఉన్నమాట చెప్పారు పాపం.

ఇప్పుడు రెండో ప్రశ్న. గ్రూప్స్ అని చేతులెత్తినవాళ్లు చెప్పండి. ఇవాళ సాయంత్రం ఇంటికి పోయి ఏం చదువుతారు? ఏ పుస్తకం, ఏ పాఠం, ఎన్ని గంటలకు మొదలుపెడతారు? ఏమైంది, చేతులన్నీ ఎటు పోయాయి? ‘పాలిటీ’ అని ఒక్క తమ్ముడు అన్నాడు. పాలిటీలో ఏం తమ్ముడూ? ‘మొత్తం’ అంట. ఇవాళ సాయంత్రమే మొత్తం!

నేను చెప్పాలని వచ్చింది ఈ రెండు ప్రశ్నల మధ్య ఉన్న ఖాళీ గురించే. మనందరికీ పోస్టు పేరు తెలుసు. ఆ పోస్టు దాకా పోవాలంటే చేతికి ఏ పని రావాలో తెలియదు. అది తెలియనప్పుడు ఇవాళ సాయంత్రం ఏం చేయాలో ఎట్లా తెలుస్తుంది?

మన జిల్లా పేరు చెబితే ఒకప్పుడు ‘పాలమూరు లేబర్’ అనేవాళ్లు. ప్రాజెక్టు ఎక్కడ కడితే అక్కడికి మనవాళ్లు పోయారు. డ్యాములు, కాలువలు, రోడ్లు. మీ ఇళ్లలో కూడా ముంబైకో పుణేకో పోయొచ్చిన పెద్దలు ఉంటారు, అడిగి చూడండి. కూలీలను తీసుకుపోవడానికి ఊళ్లోకి వచ్చిన మేస్త్రీ ‘నువ్వు ఏం కావాలనుకుంటున్నవ్’ అని అడగడు. ‘ఏం పని వస్తది?’ అని అడుగుతాడు. మట్టిపని వస్తదా, రాతిపని వస్తదా, సెంట్రింగ్ వస్తదా? ఆ వలసల్లో ఉన్న కష్టం, అడ్వాన్సు అప్పులు, అది వేరే ముచ్చట. దాన్ని నేను గొప్ప చేసి చెప్పట్లేదు. కానీ ఆ ప్రశ్న మాత్రం సరైన ప్రశ్న. ఇవాళ ఇంటర్వ్యూ బల్లకు అవతల కూర్చున్నప్పుడు నేనూ అదే అడుగుతాను, కాస్త ఇంగ్లిష్ కలిపి.

వాకిన్ ఇంటర్వ్యూలకు బీఎస్సీ పిల్లలు వస్తారు. ఫైల్ నీట్‌గా ఉంటుంది, ఇస్త్రీ చొక్కా. ‘మీ లక్ష్యం ఏంటి’ అంటే గుక్క తిప్పుకోకుండా చెబుతారు. మీ సంస్థతో పాటు నేనూ ఎదగాలి మేడం అని. మంచిది. నేను ఒక తెల్లకాగితం ముందు పెట్టి, 0.1 మోలార్ బలం ఉన్న సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం 500 మిల్లీలీటర్లు కావాలి, ఎన్ని గ్రాములు తూస్తావమ్మా అంటాను. అక్కడ ఆగిపోతారు. కెమిస్ట్రీ వాళ్లు చెప్పండి. ఎంత? రెండు గ్రాములు. శెభాష్ చెల్లీ. సరే, ఆ రెండు గ్రాములు సరిగ్గా తూచి కలిపావు. సీసా మీద 0.1 మోలార్ అని రాసేయొచ్చా? ఆలోచించండి. రాయకూడదు. సోడియం హైడ్రాక్సైడ్ గాలిలో తేమను లాగుతుంది, కార్బన్ డయాక్సైడ్‌ను లాగుతుంది. నువ్వు తూచిన రెండు గ్రాముల్లో అసలు సరుకు ఎంతో నీకు తెలియదు. అందుకే పొటాషియం హైడ్రోజన్ థాలేట్‌తో స్టాండర్డైజ్ చేసి, అంటే అసలు బలం ఎంతో కొలిచి, వచ్చిన విలువ రాయాలి. ఈ ముక్క చెప్పిన అమ్మాయిని లక్ష్యం గురించి అడగాలని కూడా నాకు అనిపించదు.

ఇదంతా మీ సిలబస్‌లో ఉన్నదే. రికార్డ్‌లో కూడా రాశారు, కదా? రాశారు గానీ ఎవరి రికార్డ్ చూసి రాశారో నేను అడగను, మీ కెమిస్ట్రీ మేడం ఇక్కడే ఉన్నారు.

కాబట్టి ‘ఫార్మాలో ఉద్యోగం’ అని రాసుకోవద్దు. ‘టైట్రేషన్, అంటే ద్రావణం బలం కొలిచే పని, మొదటి నుంచి చివరి దాకా నేనే చేసి, లెక్క నేనే కట్టగలగాలి’ అని రాసుకోండి. బీకాం వాళ్లు ‘అకౌంట్స్‌లో జాబ్’ అని రాసుకోవద్దు. మన బాదేపల్లి మార్కెట్ యార్డులో ఒక వ్యాపారి దగ్గర నెల రోజుల బిల్లులు ఇస్తే ట్యాలీ సాఫ్ట్‌వేర్‌లో ఎక్కించి, జీఎస్టీ రిటర్నులు రెండూ, 11వ తేదీలోపు జీఎస్టీఆర్-1, 20లోపు 3బీ, సిద్ధం చేయగలగాలి అని రాసుకోండి. అట్లా రాసుకుంటే ఏమవుతుంది? మీకు వచ్చో రాదో వెంటనే తెలుస్తుంది. రాకపోతే ఎవరిని అడగాలో కూడా తెలుస్తుంది. ‘జాబ్’ అని రాసుకుంటే ఎవరిని అడుగుతారు, దేవుణ్నా?

ఇక గ్రూప్స్. సగం హాలు కాబట్టి దీని మీద కొంచెం ఎక్కువ మాట్లాడాలి. నేను భయపెట్టడానికి చెప్పట్లేదు, లెక్క చెబుతున్నా. 2023 జులైలో గ్రూప్-4 పరీక్ష జరిగింది. పోస్టులు 8,180. దరఖాస్తులు తొమ్మిది లక్షలు దాటాయి. అంటే నూరు మంది అప్లై చేస్తే ఒక్క పోస్టు కూడా లేదు. గ్రూప్-1 సంగతి చూడండి. 2022లో 503 పోస్టులకు నోటిఫికేషన్. ఆ అక్టోబర్‌లో ప్రిలిమ్స్, తర్వాత రద్దు. 2023 జూన్‌లో మళ్లీ ప్రిలిమ్స్, అదీ రద్దు. 2024 ఫిబ్రవరిలో 563 పోస్టులతో కొత్త నోటిఫికేషన్, జూన్‌లో మూడోసారి ప్రిలిమ్స్, అక్టోబర్‌లో మెయిన్స్. ఒక్క ఉద్యోగం కోసం ప్రిలిమ్స్ మూడుసార్లు రాసినవాళ్లు ఉన్నారు. హైదరాబాద్‌లో అశోక్‌నగర్ రూముల్లో, చిక్కడపల్లి లైబ్రరీ మెట్ల మీద ఆ రెండేళ్లు ఎట్లా గడిచాయో మీ ఊరి అన్నలనే అడగండి.

వాళ్లలో కొందరు నాకు తెలుసు. ఆ టైంలో ఎక్కువ విరిగిపోయింది ఎవరు? ‘ఈ ఏడాది కొట్టాలి’ అని తేదీతో సహా గోడ మీద రాసుకున్నవాళ్లు. తేదీ వాళ్ల చేతిలో లేదు కదా. పబ్లిక్ సర్వీస్ కమిషన్ చేతిలో ఉంది, కోర్టు చేతిలో ఉంది. మరి మన చేతిలో ఏముంది? మెయిన్స్‌లో ఆరు పేపర్లు, ఇంగ్లిష్ అర్హత పేపర్ కాకుండా. ఒక్కో పేపర్ మూడు గంటలు, 150 మార్కులు. మూడు గంటలు ఆగకుండా, అక్షరం చెడిపోకుండా, విషయం జారకుండా రాయగలగాలి. ఇది పని. దీనికి నోటిఫికేషన్ అక్కర్లేదు. ఇవాళే మొదలుపెట్టవచ్చు. మీలో ఎంతమంది ఈ మధ్య ఒక్క గంట ఆగకుండా పెన్ను పట్టుకుని రాశారు? ఇంటర్నల్ పరీక్షల్లో తప్ప? అదీ లేదంటున్నారు ముందు బెంచీ వాళ్లు. వేళ్లు మొదటి గంటకే నొప్పి పుడతాయి. ఆ సంగతి పరీక్ష హాల్లో కాదు, ఇంట్లో తెలియాలి.

ఇంకొకటి. మూడు గంటలు రాయడం వస్తే, సూటిగా ఒక పేజీలో విషయం చెప్పడం వస్తే, పోస్టు రాకపోయినా అది మీ దగ్గరే ఉంటుంది. మా కంపెనీలో ఒక తేడా జరిగిందంటే డీవియేషన్ రిపోర్ట్ రాయాలి. ఏం జరిగింది, ఎందుకు జరిగింది, మళ్లీ జరగకుండా ఏం చేశాం. అది సరిగ్గా రాసేవాళ్ల కోసం మేము వెతుక్కుంటాం. గ్రూప్స్‌కు చదివి వచ్చిన పిల్లలు ఆ పని బాగా చేస్తారు, నిజంగా.

పెద్ద ఉదాహరణ ఒకటి చెబుతాను, మన పక్కదే. చింతకింది మల్లేశం గారి పేరు విన్నారా? ఆలేరు దగ్గర శారాజిపేట, పాత నల్గొండ జిల్లా. 2017లో పద్మశ్రీ. పోచంపల్లి చీర నేయాలంటే ముందు ఆసు పోయాలి. మేకుల చుట్టూ దారాన్ని చేత్తో తిప్పుతూ పోవాలి. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు, దాదాపు తొమ్మిది వేల సార్లు అటూ ఇటూ ఆడాలి. ఆ పని ఇంట్లో అమ్మ చేసేది. భుజం నొప్పి, మోచెయ్యి నొప్పి. ఆయన పెట్టుకున్న లక్ష్యం ఏంటి? ‘శాస్త్రవేత్త కావాలి’ అని కాదు, చదువు ఆరో తరగతితోనే ఆగింది. పద్మశ్రీ అసలే కాదు. అమ్మ చెయ్యి చేసే ఆ కదలికను యంత్రం చేయాలి. అంతే. చూశారా, పని పేరు అంత ఖాయంగా ఉంది కాబట్టి దాన్ని ముక్కలు చేయగలిగారు. ఈ కదలిక ఒకటి, ఆ కదలిక ఒకటి. 1992లో మొదలుపెట్టారు, పూర్తయింది 1999లో. మధ్యలో డబ్బుల్లేక ఆపేసి హైదరాబాద్‌లో పనికి కుదిరారు. అక్కడ ఒక యంత్రం కదలిక చూసి మిగిలిన చిక్కు విప్పారు. ఇదే నాకు బాగా నచ్చే ముక్క. ఏ కదలిక కోసం వెతుకుతున్నారో ఆయనకు తెలుసు కాబట్టే అది కంటపడింది. అదే యంత్రం ముందు రోజూ నిలబడే మిగతావాళ్లకు అందులో ఏమీ కనపడలేదు.

దీని మీద పరిశోధనలు కూడా ఉన్నాయి, ఒక్కటే చెప్పి వదిలేస్తాను. ఎడ్విన్ లాక్, గ్యారీ లాథమ్ అని ఇద్దరు సైకాలజిస్టులు లక్ష్యాల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. అమెరికాలో దుంగలు మోసే లారీలు చట్టం ఒప్పుకునే బరువులో 60 శాతం దాకానే లోడ్ చేస్తున్నాయి. ‘మీ శక్తి మేరకు నింపండి’ అంటే మార్పు లేదు. లాథమ్ వాళ్లు ‘94 శాతం’ అని ఒక అంకె చెప్పారు. జీతం పెంచలేదు. కొన్నాళ్లకు లోడ్ 90 శాతం దాకా పోయింది. 1975లో అచ్చయిన పరిశోధన. మనం ఇంట్లో ఏమంటాం? ‘నా వంతు నేను చదువుతున్నా డాడీ.’ ఎంత వంతు?

సరే, లక్ష్యం అయిపోయింది. రోజూ చేసే పని సంగతికి వద్దాం. అలవాట్లు అనగానే పొద్దున నాలుగింటికి లేవాలని చెబుతానని కొందరు భయపడుతున్నారు. చెప్పను. నైట్ షిఫ్ట్ చేసి పొద్దున ఆరింటికి పడుకునేవాళ్లు మా దగ్గర ఉన్నారు, వాళ్లకు నాలుగింటి కథ చెబితే కొడతారు. ఏ గంట అన్నది ముఖ్యం కాదు. రోజూ అదే గంట అన్నది ముఖ్యం.

మా ప్లాంట్‌లో ఒక మాట ఉంది. రాయనిది జరగనట్టే. నువ్వు పని ఎంత బాగా చేసినా బ్యాచ్ రికార్డ్‌లో, అంటే ఆ మందు తయారీ వివరాలు రాసే కాగితాల్లో, లేకపోతే ఆ పని జరగలేదు. ఎప్పుడు రాయాలి? చేసినప్పుడే. షిఫ్ట్ చివర్లో గుర్తు చేసుకుని రాయడం కుదరదు. చేతి మీద, గ్లవ్ మీద, చిత్తు కాగితం మీద రాసుకుని తర్వాత ఎక్కించడం అసలే కుదరదు. ఒక అంకె తప్పు పడిందనుకోండి. వైట్‌నర్ వాడకూడదు, దిద్దకూడదు. ఒక్క గీత కొట్టాలి, కింద ఉన్న పాత అంకె కనపడాలి. పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం. ఆడిట్‌కు వచ్చినవాళ్లు ఆ గీతలను చూసి కోప్పడరు. గీతలే లేని రికార్డ్ చూస్తేనే వాళ్లకు అనుమానం.

మీరు కూడా ఒక నోట్‌బుక్ పెట్టండి. ఇరవై రూపాయలది చాలు, యాప్ వద్దు. యాప్ తెరిస్తే పక్కన ఇంకేం తెరుచుకుంటుందో మీకూ తెలుసు, నాకూ తెలుసు. తేదీ, మొదలుపెట్టిన టైం, ఆపిన టైం, ఏం చేశాను. చదవని రోజు ‘చదవలేదు, పత్తి ఏరడానికి పోయిన’ అని రాయండి. చుట్టాలొచ్చారు అని రాయండి. రీల్స్ చూసిన అని కూడా రాయండి, ఎవరూ చూడరు. వారం తర్వాత ఆ పేజీలు తిప్పితే మీ టైం ఎటు పోతోందో మీకే కనపడుతుంది. నేను ఎంత చెప్పినా అంత గట్టిగా చెప్పలేను.

రెండోది షిఫ్ట్ హ్యాండోవర్. మాకు ఆరు నుంచి రెండు, రెండు నుంచి పది, పది నుంచి ఆరు. పోయేవాళ్లు వచ్చేవాళ్లకు చెప్పి పోవాలి. ఏది అయింది, ఏది సగంలో ఉంది, దేని మీద కన్నేసి ఉంచాలి. అది చెప్పకుండా ఎవరూ గేటు దాటరు. మీ చదువులో పోయేదీ వచ్చేదీ మీరే. కాబట్టి పుస్తకం మూసే ముందు రేపటి మీకు మీరే హ్యాండోవర్ ఇవ్వండి. రెండు లైన్లు. ‘ప్రాథమిక హక్కులు ఆర్టికల్ 19 దాకా అయింది. రేపు 20 నుంచి. 19లో పరిమితులు మళ్లీ చూడాలి.’ దీంతో లాభం ఏంటంటే, రేపు కూర్చోగానే ‘ఇవాళ ఏం చదువుదాం’ అనే ప్రశ్న ఉండదు. చాలామందికి చదవడం కష్టం కాదు, మొదలుపెట్టడమే కష్టం. అరగంట పుస్తకాలు సర్దడంలోనే పోతుంది. అవునా కాదా?

మూడోది లైన్ క్లియరెన్స్. ఒక మందు తయారయ్యాక ఇంకో మందు మొదలుపెట్టే ముందు, పాత దాని లేబుల్ ముక్క గానీ, ఒక్క మాత్ర గానీ అక్కడ మిగలకూడదు. మిషన్ కింద టార్చి వేసి మరీ చూస్తాం. క్వాలిటీ వాళ్లు సంతకం పెట్టేదాకా లైన్ తిరగదు. మీ బల్ల మీద ఏం ఉండాలి? చదివే పుస్తకం, నోట్‌బుక్, పెన్ను, నీళ్లు. ఫోన్? పక్క గదిలో. పక్క గది లేదా? మన ఇళ్లలో చాలా వాటికి ఉండదు, నాకు తెలుసు. అమ్మ చేతికి ఇవ్వండి. అమ్మ కంటే గట్టి లాకర్ ఏదీ లేదు.

బస్సుల్లో వచ్చేవాళ్లు ఎంతమంది? చాలామందే. నిలబడే జాగా కూడా ఉండదు, పుస్తకం తీయమని నేను చెప్పను. తీయక్కర్లేదు కూడా. నిన్న చదివింది మనసులో మళ్లీ చెప్పుకోండి. రాని చోట ఆగి గుర్తు పెట్టుకోండి, దిగాక చూడండి. 2006లో రోడిగర్, కార్పికీ అని ఇద్దరు ఒక ప్రయోగం చేశారు. పాఠాన్ని మళ్లీ మళ్లీ చదివినవాళ్లు, చదివి పుస్తకం మూసి గుర్తు చేసుకుని రాసినవాళ్లు, రెండు గుంపులు. ఐదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ చదివినవాళ్లదే పైచేయి. వారం తర్వాత పెడితే తిరగబడింది. గుర్తు చేసుకున్నవాళ్లకే ఎక్కువ గుర్తుంది. పరీక్ష ఐదు నిమిషాల తర్వాత ఉండదు కదా మనకు. పచ్చరంగు పెన్నుతో పేజీ మొత్తం గీతలు గీసుకునేవాళ్లు ఈ మాట కొంచెం పట్టించుకోండి.

ఇరవై ఒక్క రోజులు చేస్తే అలవాటైపోతుందని మీరు వీడియోల్లో వినే ఉంటారు. దాన్ని నమ్ముకుని ఇరవై రెండో రోజు కూడా బద్ధకంగా ఉంటే, ఇది నాకు కాదులే అని వదిలేస్తున్నారు. లండన్‌లో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని తీసుకుని దీన్ని కొలిచింది. సగటున 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి, పనిని బట్టి 18 రోజుల నుంచి 254 రోజుల దాకా తేడా ఉంది. ఇంకో ముక్క కూడా వాళ్లు చూశారు. మధ్యలో ఒక రోజు తప్పితే పెద్దగా నష్టం లేదు. పెళ్లికి పోయి ఒక రోజు పోయిందని వారమంతా పోగొట్టుకోకండి, అంతే.

ఒక చీటీ వచ్చింది. పేరు రాయలేదు, మంచిది. చదువుతున్నాను. ‘మేడం, డిగ్రీ అయిపోగానే పెళ్లి అంటున్నారు. నేను లక్ష్యం పెట్టుకుని ఏం లాభం?’

దీనికి నా దగ్గర చిటికెలో జవాబు లేదు చెల్లీ. ఉందని చెప్పేవాళ్లను నమ్మకు. ఒక్కటి మాత్రం చూశాను. ఇంట్లో ‘నేను చదువుకుంట’ అంటే నాన్నకు అందులో చివర కనపడదు. ఎంతకాలం, ఎక్కడ, ఎంత ఖర్చు, ఏమీ తెలియదు. ఊళ్లోవాళ్ల మాటలు మాత్రం రోజూ చెవిన పడుతుంటాయి. అదే ‘నాకు వచ్చే ఏడాది ఏప్రిల్ దాకా టైం ఇయ్యండి, ఈ పని నేర్చుకుంట, ఈ ఉద్యోగాలకు పోత’ అంటే అది మాట్లాడుకోగలిగిన మాట. కంపెనీ బస్సు మన ఊరి దగ్గర ఆగుతుందా, నైట్ షిఫ్ట్ ఉంటుందా, మన వైపు అమ్మాయిలు ఎవరు పోతున్నారు, ఇవన్నీ ముందే కనుక్కుని పో. నాన్న అడగబోయేవి అవే. నాన్న దగ్గరికి పోయే ముందు అమ్మకు చెప్పు, లేదంటే మేనమామకు చెప్పు. మీ ఇంట్లో ఎవరి మాట నడుస్తుందో నీకే తెలుసు. అప్పటికీ వినకపోతే కెమిస్ట్రీ మేడంను తీసుకుపో. నేను చదివిన రోజుల్లోనూ ఆమె ఇళ్లకు వచ్చి మాట్లాడేవారు. ఇప్పుడూ వస్తానని అదిగో తల ఊపుతున్నారు. పద్దెనిమిది నిండనివాళ్లకైతే ఇంత దూరం అక్కర్లేదు, అది చట్టమే ఒప్పుకోదు.

ఇంకా చీటీలు ఉంటే పంపండి. చీటీలు వద్దు, నేరుగా అడుగుతామంటే మైకు వెనక్కి పంపుతాను. ఆ పాలిటీ తమ్ముడు ముందు అడగాలి. ఏ పాఠం మొదలుపెడుతున్నావో చెప్పి అడుగు.